నాన్నగారి ఫైలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో మనం డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టరును కాను, సర్వీసంతా ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అందుచేత నాకు తెలిసిన ఒక్క ఫైలు గురించే చెబుతాను. అది మా నాన్నగారిది.

1995లో నేను అరకులోయలో యు.డి.సి.గా ఉండేవాణ్ణి. నాన్నగారు అటవీశాఖలో గార్డుగా రిటైరై, అమ్మతో కలిసి మా దగ్గరే ఉండేవారు. అనంతగిరి కొండలన్నీ కాలినడకన తిరిగిన మనిషి. ఆ చలికాలంలో రాత్రిపూట నాలుగైదుసార్లు లేవడం మొదలైంది. మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది. ఆ మంచులో కంబళి కప్పుకుని వెళ్ళి, చాలాసేపు నిలబడి వచ్చేవారు. ధార సన్నబడిందని అమ్మతో మాత్రమే అన్నారట. "ఈ వయసులో ఎవరికైనా అంతేరా" అనేవారు. నేనూ అంతే అనుకున్నాను. నడుం నొప్పి అంటే తైలం రాశాం. అలా అయిదు నెలలు గడిపేశాం. ఆ జాప్యానికి బాధ్యుణ్ణి నేనే.

1996 ఏప్రిల్‌లో మూత్రంలో రక్తం కనిపించింది. విశాఖపట్నం తీసుకెళ్ళమన్నారు స్థానిక డాక్టరుగారు. నాన్నగారు ససేమిరా రానన్నారు. కారణం మా ఆవిడ మెల్లగా రాబట్టింది. ఘాట్ రోడ్డులో బస్సు ఆపమని నలుగురిలో అడగవలసి వస్తుందని ఆయన భయం! జబ్బు కన్నా సిగ్గే ముందు అడ్డు తగిలింది. అప్పుడు కిరండూల్ ప్యాసింజరులో తీసుకెళ్ళాం. రైలుపెట్టెలో మరుగుదొడ్డి ఉంటుంది కదా. మీ ఇంట్లో పెద్దవారు ఆసుపత్రికి రానని మొండికేస్తే కోప్పడకండి. దాని వెనుక ఇలాంటి చిన్న కారణం ఏదో ఉంటుంది.

ప్రోస్టేటు గ్రంథి మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. వయసుతో అది పెరుగుతుంది. ఆ పెరుగుదల చాలామందిలో క్యాన్సరు కాదు. తేడా తేల్చడానికే పరీక్షలు. మొదట డాక్టరు మలద్వారం గుండా వేలితో గ్రంథిని తడిమి చూస్తారు. దానికే నాన్నగారు ఎక్కువ బాధపడ్డారు. అర నిమిషం పని. తరువాత పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష. నాన్నగారికి అది నూరు దాటింది. ఆ తరువాత సూదితో గ్రంథి నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపే బయాప్సీ. ఎముకలకు ఎక్స్‌రేలు.

బయాప్సీ రిపోర్టుకు నేనొక్కణ్ణే వెళ్ళాను. క్యాన్సరు, వెన్నెముకకు పాకింది అన్నారు. నయం కాదు గాని అదుపులో పెట్టవచ్చు అన్నారు. ఇంటికి వచ్చి "గ్రంథి వాచింది, చిన్న ఆపరేషను" అని చెప్పాను. ఆ రిపోర్టును ఫైల్లోంచి తీసి నా బీరువాలో దాచాను. ఆయన మంచికే అనుకున్నాను.

పదకొండు రోజుల తరువాత ఆపరేషనుకు మళ్ళీ అదే రైలెక్కాం. బొర్రా గుహలు స్టేషను దాటాక నాన్నగారు అన్నారు: "బాబూ, నీ ఫైల్లో ఒక పేజీ లేదు. నెంబర్లు నువ్వే వేశావు కదా, ఆరు తరువాత ఎనిమిది ఉంది. ఆ ఏడో పేజీ నాదే కదా?"

చెప్పేశాను. చిమిడిపల్లి వచ్చేదాకా ఆయన మాట్లాడలేదు. తరువాత ఒకే ఒక్క మాట అన్నారు. "ఈ పదకొండు రోజులూ నీ మొహం చూసి, ఇంతకన్నా ఘోరమైనదేదో ఊహించుకున్నానురా."

ఆ ఆపరేషను ఏమిటో కూడా అప్పుడే చెప్పాను. ప్రోస్టేటు క్యాన్సరు పురుష హార్మోనుతో పెరుగుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లో చూపించారు. అందుకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ హార్మోనును ఆపే మార్గాల్లో వృషణాలు తీసివేయడం ఒకటి. దానికి రోగి సమ్మతి సంతకం కావాలి. చదవని కాగితం మీద సంతకం పెట్టవద్దని ఆఫీసుకు వచ్చే ప్రతి గిరిజనుడికీ చెప్పినవాణ్ణి, నా కన్నతండ్రి చేత అదే పని చేయించబోయాను! నాన్నగారు ఆ కాగితం రెండుసార్లు చదివి, డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలు అడిగి సంతకం పెట్టారు.

కొద్ది వారాల్లో నడుం నొప్పి తగ్గింది. తరువాత మూడేళ్ళ పైచిలుకు బ్రతికారు. అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు దగ్గరుండి సరిచేయించారు. శృంగవరపుకోట దగ్గరి ఎకరన్నర పొలం మా అన్నదమ్ములకు తానే పంచారు. తెలియకపోతే ఇవేవీ జరిగేవి కావు. 1999 చివర్లో ఇంట్లోనే కన్నుమూశారు.

2021లో నా వంతు వచ్చింది. అవే లక్షణాలు. హైదరాబాదు నుంచి వచ్చిన మా అబ్బాయికి ఒకటే షరతు పెట్టాను, ప్రతి రిపోర్టూ నా ఎదుటే విప్పాలి అని. ఇప్పుడు బయాప్సీకి ముందు ఎం.ఆర్.ఐ. తీస్తున్నారు. నాకు క్యాన్సరు లేదని తేలింది. ఆ కవరు విప్పేటప్పుడు వాడి చేతులు వణకడం చూశాను. 1996లో నన్ను చూసి నాన్నగారు ఏమనుకుని ఉంటారో అప్పుడు తెలిసింది.

చివరగా కొన్ని సూచనలు. రాత్రి మాటిమాటికీ లేవడం, ధార తగ్గడం, మూత్రంలో రక్తం, తగ్గని నడుం నొప్పి ఉంటే వయసు మీదికి నెట్టకండి. మూత్రం పూర్తిగా ఆగినా, నడుం నొప్పితో కాళ్ళు బలహీనపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. పి.ఎస్.ఎ. పెరిగినంతనే క్యాన్సరని హడలిపోవద్దు. గ్రంథి వాచినా, ఇన్ఫెక్షను వచ్చినా అది పెరుగుతుంది. ఏ లక్షణమూ లేని డెబ్బై దాటినవారు ఆ పరీక్ష అవసరమా అని ముందు డాక్టరును అడగాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ మాట బయాప్సీకి ముందే చెప్పాలి. ఇ.హెచ్.ఎస్. కార్డులో పేర్లు, ఆధారు నెంబర్లు ఈ వారమే సరిచూసుకోండి. విశాఖలో కె.జి.హెచ్. ఉంది. అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

పిల్లలకు ఒక్క మాట. కాగితాలు తేదీల వారీగా పెట్టండి, పేజీ నెంబర్లు వేయండి. కాని ఏ పేజీ తీసి దాచకండి. అది వారి ఫైలు.

ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ మరచిపోకుండా ఇస్తున్నాం. అదే శ్రద్ధ ఒంటి మీద కూడా పెడదాం.