వాన పద్దు వ్రాసిన పాచి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



దిగుడుబావి మెట్లపైనను, పెనుకొండ కోటగోడల నీడపట్టునను వేసవిలో నల్లగా ఎండి, గోట గీరిన పొడియై రాలు పాచిని చూడనివారు ఈ సభలో నుండరు. తొలకరి చినుకులు నాలుగు పడునప్పటికి ఆ నల్లని పొరయే పచ్చబడును. చచ్చినదనుకొన్నది లేచి కూర్చున్నట్లుండును. కొందరు దీనిని నాచందురు గాని, చెరువునీటిపై తేలు నాచు వేరు, ఇది వేరు. దీనికి సన్నని కాడయు, కాడచుట్టును ఆకులును కలవు. నిజమైన వేళ్లు మాత్రము లేవు. నేలలోని నీటిని తోడుకొను సాధనము లేదు గనుక, పైనుండి పడినదానిని ఒడలంతటితో పీల్చుకొనవలసినదే. శాస్త్రజ్ఞులు ఇట్టి మొక్కలను మాసులందురు. ఈ జాతిలోని ఒక మొక్కను, అది పెంచిన నేలలను తన జీవితమున అధికభాగము పరిశోధించిన ఈవిల్ గోరమ్ అను శాస్త్రజ్ఞుని కృషియే నేటి ప్రసంగ విషయము.

చలిదేశముల బురదనేలలతో అనంతపురము కరవునేలకు పనియేమి యని ఎవరైన అడుగవచ్చును. పని కలదు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సాలీనా పడు వాన సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. పెన్నయు చిత్రావతియు ఏడాదిలో అధికకాలము ఇసుకదారులే. చెలమ త్రవ్వినగాని నీరు కానరాదు. ఎర్రమట్టి చేలలో వేరుసెనగ విత్తు మెట్టరైతునకు ఆకాశమే కాలువ. గోరమ్ పరిశోధించిన నేలలును అట్టివే. వాటికి ఏరు లేదు, ఊట లేదు, వాన తప్ప దిక్కు లేదు. భేదమొక్కటియే: అక్కడ పడిన నీరు పోదు, ఇక్కడ పడిన నీరు నిలువదు.

అక్కడ నీటిని నిలుపునది స్ఫాగ్నమను మాసు. దీని తల పెరుగుచుండును, అడుగు చచ్చుచుండును. ఆకులలో సన్నని పచ్చని కణముల నడుమ, చచ్చి బోలుగానున్న పెద్ద కణములు కలవు. వాని గోడలకు రంధ్రములుండును. ఎండిన మొక్క తన బరువునకు ఇంచుమించు ఇరువది రెట్ల నీటిని ఆ బోలు గదులలో నిలుపుకొనును. మొదటి ప్రపంచ యుద్ధకాలమున దూది చాలక, బ్రిటనులోను కెనడాలోను దీనిని ఏరి, ఎండబెట్టి, సైనికుల గాయములకు కట్టిరి.

ఈ మొక్క నీటిలోని సున్నము మొదలగువానిని గ్రహించి, వానికి మారుగా ఆమ్లమును విడుచును. మన పెంటదిబ్బ ఒక వేసవియు, ఒక వానకారును గడచునప్పటికి ఎరువగును. అక్కడనో, పులిసిన నీరు, చలి, ప్రాణవాయువు చొరని తడి. చచ్చిన పాచి వేలయేండ్లు గడచినను పూర్తిగా చివుకదు. పొరపై పొరయై పేరుకొనును. ఏటికి ఒక మిల్లీమీటరు పెరుగుటయే గొప్ప. ఇట్లు పేరుకొన్న గోధుమవన్నె పదార్థమునకే పీటని పేరు. ఐర్లండు రైతులు దానిని ఇటుకలవలె కోసి, ఎండబెట్టి, మనవారు పిడకలు కాల్చినట్లు పొయ్యిలో కాల్చుకొనెడివారు. 1950లో డెన్మార్కునందు పీటు త్రవ్వుచుండగా మెడకు త్రాడుగల ఒక పురుషుని దేహము బయటపడెను. ఏదో క్రొత్త హత్యయని పోలీసులకు కబురు పంపిరి. అతడు చనిపోయి రెండువేల యేండ్లు దాటినదని తరువాత తేలెను. గడ్డపు వెండ్రుకలు సైతము చెడలేదు!

గోరమ్ 1925లో కెనడాలోని హాలిఫాక్స్ నగరమున జన్మించెను. లండనులో డాక్టరు పట్టము పొంది, 1950 తరువాతి దశకమున ఇంగ్లండు ఉత్తరభాగమందలి సరస్సుల సీమలో పనిచేసెను. పీటు పెరిగి పెరిగి గుబ్బవలె లేచినపుడు దాని తల భూమిలోని నీటికి అందదు. కావున ఆ తలపై నున్న గుంటలలోనికి బయటి సరకు వచ్చు దారి ఆకాశమొక్కటే. ఈ చిన్న సంగతిని ఆయన గట్టిగా పట్టుకొనెను. గుంటల నీటిని తెలిసికొనవలెనన్న ముందు వానను తెలిసికొనవలెను. పడిన వానను పడినట్లు పట్టి, అందలి ఉప్పును, గంధకమును, ఆమ్లమును కొలచి, ఆనాటి గాలి ఏ దిక్కునుండి వీచెనో దానితో సరిచూచెను. సముద్రము వైపునుండి గాలి వీచిననాడు వానలో ఉప్పు. కర్మాగారముల పట్టణముల వైపునుండి వీచిననాడు గంధకికామ్లము. బొగ్గుపొగ ఎంతో దూరము పయనించి వానతో దిగుచున్నదన్నమాట. ఈ సంగతిని ఆయన 1955లో ప్రకటించెను. సీసాలో వాన పట్టుట మన బడిపిల్లలును చేయగల పని. దినదినమును విడువక పట్టి, లెక్క తప్పక వ్రాయుటలోనే ఉన్నది కష్టమంతయు.

అటుపిమ్మట మాసులనే పరీక్షించెను. ఆ కాలమున అగ్రరాజ్యములు అణ్వస్త్రములను బహిరంగముగా పేల్చి పరీక్షించుచుండెను. ఆ రేడియోధార్మిక ధూళి వానతో దిగినపుడు, పూలు పూయు మొక్కలకంటె మాసులలోను, రాతిపూవు వంటి లైకెనులలోను మిక్కిలి ఎక్కువగా చేరుచున్నదని 1958, 1959 సంవత్సరముల వ్యాసములలో చూపెను. వేళ్లు లేక ఒడలితో త్రాగు మొక్క వానలో నున్నదెల్ల దాచుకొనును; మంచిచెడ్డలు ఎంచదు. ధ్రువప్రాంతమున లైకెనులను రెయిండీరు జింకలు మేయును, వాని మాంసమును అచటి ప్రజలు తిందురు. విషము ఆ మెట్లన్నియు ఎక్కినదని తరువాత ఇతరులు కనుగొనిరి. బహిరంగ పరీక్షలను నిషేధించు ఒడంబడిక 1963లో జరిగెను.

శాస్త్రవిషయము పత్రికలో అచ్చగుటతోనే లోకము మేలుకొనునని తలచుట పొరపాటు. ఆమ్లవర్షమును గూర్చిన ఆ వ్యాసములను చాలకాలము పట్టించుకొన్నవారు తక్కువ. సరస్సులలో చేపలు చచ్చి, అడవులు క్షీణించి, సంగతి వీధికెక్కిన పిదపనే ప్రభుత్వములు కదలెను. గంధకపు పొగను గట్టిగా కట్టడిచేయు శాసన సవరణ అమెరికాలో 1990లో వచ్చెను.

1962 నుండి గోరమ్ అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ఆ రాష్ట్రపు ఉత్తరభాగమున పీటు నేలలు విస్తారముగా కలవు. 1991లో ఆయన ఉత్తరదేశముల పీటు నంతటిని లెక్కగట్టెను. మంచుయుగము ముగిసిన నాటినుండి ఆ నేలలలో దాగిన కర్బనము 45,500 కోట్ల టన్నులని ఆ అంచనా. బొగ్గును, పెట్రోలును, సహజవాయువును కాల్చుటవలన ప్రపంచమంతటినుండి నేడు ఏటేట గాలిలో చేరు కర్బనము ఇంచుమించు 1,000 కోట్ల టన్నులనిన, ఆ గాదె పరిమాణము ఊహింపవచ్చును. తడిగా నున్నంతకాలము గాదె భద్రము. భూమి వేడెక్కి, నీటిమట్టము దిగినయెడల ప్రాణవాయువు లోనికి చొరబడును. వేలయేండ్లుగా చివుకనిది చివుకనారంభించును. బొగ్గుపులుసు వాయువు వెలువడును. అది భూమిని మరింత వేడిచేయును. నిప్పంటుకొన్న పీటు లోలోపల రగులుచు తొందరగా ఆరదు. 2010 వేసవిలో రష్యాయందు అడవులతోపాటు, కాలువలు త్రవ్వి ఎండగట్టిన పీటు నేలలును కాలి, మాస్కో నగరము పొగలో మునిగెను. గోరమ్ 2020లో కాలధర్మము చెందెను.

పీటు మన దక్షిణదేశమునను లేకపోలేదు. నీలగిరులపై లోయల పల్లములలో కలదు. అది ముఖ్యముగా గడ్డి, తుంగజాతులు పేరుకొనగా ఏర్పడినది. ఆర్. సుకుమార్ మొదలగు భారతీయ శాస్త్రజ్ఞులు దానిని పొరపొరగా పరీక్షించి 1993లో ఫలితములు ప్రకటించిరి. కర్బనములో తేలికది, బరువుది అని రెండు రకములు కలవు. వరి, వేరుసెనగ, అడవిచెట్లు ఒక పాళ్లలోను, జొన్నయు, ఎండకోర్చు పలు గడ్డిజాతులును మరియొక పాళ్లలోను వానిని గ్రహించును. ఆ పాళ్లను బట్టి ఏనాడు ఆ కొండలపై తేమ హెచ్చెనో, ఏనాడు తగ్గెనో తెలియును. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, మంచుయుగము ముదిరిన కాలమున, అచట పొడిగడ్డి ప్రబలెను. మంచు కరగిన పిదప తేమ పెరిగెను. అనగా నైరుతి ఋతుపవనము ఎన్నడును ఒక్కతీరున నుండలేదు. పడమటి కనుమల చాటున నున్న అనంతపురమునకు చేరునది ఆ ఋతుపవనపు శేషమే.

మన జిల్లా ఎండకు పీటు కట్టదు. కాని చెరువులు కలవు. చెరువెండిన ఏట పూడికమట్టిని చేలకు తోలుటకు త్రవ్విన గోతి అంచును ఒకమారు పరికింపుడు. ముతక ఇసుక, సన్నని బంకమట్టి, మరల ఇసుక, ఒకదానిపై నొకటి పరచినట్లుండును. ఉరవడిగా వచ్చిన నీరు తెచ్చినది ముతకది. నిలిచిన నీటిలో నెమ్మదిగా దిగినది సన్ననిది.