కపిలబావి దగ్గర దొరికిన పాఠం

(హోసూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. ఈ ప్రాంతపు పల్లెల్లో పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఇటీవల మా మనుమరాలు పుస్తకం చేతబట్టుకొని వచ్చి, "తాతా, నీళ్లబిందె ఎత్తుకొని కదలకుండా నిలబడితే పని చేయనట్లేనంట, నిజమేనా?" అని అడిగింది. పక్కనే ఉన్న మా ఇంటావిడ, "అట్లయితే నా నడుము ఎందుకు నొస్తుందో ఆ పుస్తకాన్నే అడుగు" అన్నది.

ఇద్దరి మాటా నిజమే. బలం ప్రయోగించిన దిశలో వస్తువు కదిలితేనే భౌతికశాస్త్రం దానిని పని అంటుంది. బలాన్ని ఆ దిశలో జరిగిన దూరంతో గుణిస్తే పని వస్తుంది. దాని కొలత జౌల్. కదలని బిందెపై జరిగిన పని సున్న. అయితే దానిని మోసే కండరాల పోగులు లోలోపల బిగుస్తూ సడలుతూ ఉంటాయి. తిన్న రాగిసంగటి ఇచ్చిన శక్తి అక్కడ వేడిగా ఖర్చవుతుంది. అలసట అందువల్లనే.

10 లీటర్ల నీళ్లను 10 మీటర్ల లోతునుండి చేదితే, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకొంటే, ఆ నీళ్లపై 1000 జౌళ్ల పని జరుగుతుంది. అది స్థితిజ శక్తిగా నీటిలో నిలుస్తుంది. చేద జారితే అదే గతిజ శక్తిగా మారుతుంది.

మన తాతలు కపిల తోలినప్పుడు ఎద్దులు వాలులో దిగుతూ మోకును లాగేవి. వాటి బరువు కూడా లాగుటకు తోడయ్యేది. అది ఉచితం కాదు. తిరిగి గట్టెక్కేటప్పుడు ఆ అప్పు తీర్చవలసిందే. శక్తిని పుట్టించలేము, నశింపజేయలేము, రూపం మాత్రమే మార్చగలము అన్న నియమం ఆ ఎద్దుల దారిలోనే ఉన్నది.

హోసూరు మెట్టమీద ఉన్నది, కృష్ణగిరి పల్లంలో ఉన్నది. 10 టన్నుల లారీ ఆ దారిలో 300 మీటర్ల ఎత్తు దిగిందనుకొందాం. అది 3 కోట్ల జౌళ్ల స్థితిజ శక్తిని వదులుకొంటుంది. ఇంటి కరెంటు లెక్కలో 8 యూనిట్లకు పైమాటే. లారీ వేగం పెరగకుండా పట్టినప్పుడు అందులో ఎక్కువ భాగం బ్రేకులలో వేడి అవుతుంది. కనుమదారిలో బ్రేకులు కాగేది ఇందుకే.

"ఈ సందేహం బడిలో అడగలేదేమమ్మా?" అన్నాను. "నిర్వచనం ఒప్పజెప్పినాను తాతా. బిందె సంగతి, అవ్వ నడుము సంగతి ఆ భాషలో ఎట్లా అడగాలో తెలియలేదు" అన్నది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

తమిళ బడిలో పనిని వేలై అంటారు, శక్తిని ఆట్రల్ అంటారు. ఇంగ్లీషు బడిలో వర్క్, ఎనర్జీ. మన పిల్లలు ఆ మాటలన్నీ నేర్వవలసిందే. ఏ భాషపైనా మనకు పగ లేదు. కాని సందేహం పుట్టేది ఇంటిభాషలో. ఆ భాష నోటికి అడ్డుపడితే సందేహం లోపలే ఉండిపోతుంది. మార్కులు వస్తాయి, అర్థం రాదు.

కనుక తల్లులారా, తండ్రులారా! "మాకు చదువు రాదు" అని తప్పుకోకండి. ఆనాటి పాఠాన్ని తెలుగులో చెప్పమని రోజూ బిడ్డను అడగండి. తెలియనిచోట ఎదురు ప్రశ్న వేయండి. బావి, బిందె, ఎద్దు, మోకు మీకు తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు.

సెలవు.