పసిపిల్లలకు దీన్ చెప్పేదెలా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల దీనీ చదువు విషయమై నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. నేను చెప్పబోయేవన్నీ మీకు తెలిసిన సంగతులే. తెలిసినవాటిని పిల్లలకు ఏ భాషలో, ఏ వరుసలో, ఏ తీరున అందించాలి అన్నదే ఈరోజు నా మనవి.

మన విశాఖపట్నం పిల్లవాడి సంగతి చూడండి. ఇంట్లో కొందరిది ఉర్దూ, కొందరిది తెలుగు. పోర్టులోనూ స్టీలు ప్లాంటులోనూ ఉద్యోగాల కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలకు వారి వారి భాషలున్నాయి. బడిలో తెలుగో ఇంగ్లీషో, మక్తబులో అరబ్బీ. ఏడెనిమిదేళ్ళ వయసుకే వాడు సూరా ఫాతిహా గడగడా అప్పజెప్పేస్తాడు. సంతోషమే. కాని "నాయనా, ఇందులో అల్లాహ్‌ను ఏమడిగావు?" అంటే గోడకేసి చూస్తాడు. తప్పు వాడిది కాదండీ. "ఎన్ని సూరాలు వచ్చాయి?" అని మనం రోజూ అడుగుతాం. "ఏం తెలిసింది?" అని అడగం.

కంఠస్థం వద్దని నేననడం లేదు. నమాజు అరబ్బీలోనే చదవాలి, ఉచ్చారణ మౌల్వీ సాబ్ దగ్గరే దిద్దుకోవాలి. అయితే అర్థం మాత్రం పిల్లవాడు ఏ భాషలో నవ్వుతాడో, ఏ భాషలో ఏడుస్తాడో ఆ భాషలో చెప్పాలి. లేకపోతే రేపు వాడు చదువుకో ఉద్యోగానికో మరో ఊరు పోయినప్పుడు వాడి వెంట శబ్దం వెళుతుంది, భావం వెళ్ళదు. తోటి విద్యార్థి మంచి మనసుతోనే "మీరు రోజుకి ఐదుసార్లు ఏమని ప్రార్థిస్తారు?" అని అడిగితే జవాబు చెప్పలేక సిగ్గుపడతాడు. మొదట సిగ్గు, తరవాత దూరం.

మన దీన్‌కి తెలుగు పరాయిది కాదు. చిలుకూరి నారాయణరావు గారు చేసిన ఖురాన్ తెలుగు అనువాదం 1925 లోనే వెలువడింది. ఆయన ముస్లిం కాదు, తెలుగు భాషా పండితుడు. ఆ తరవాత ముస్లిం పండితుల తెలుగు అనువాదాలూ వచ్చాయి. ఇంటికొక ప్రతి ఉంచుకోవడం ఏమంత కష్టం కాదు.

ఇక వరుస సంగతి. మనలో చాలామంది పసివాడికి మొదట చెప్పేది, "అబద్ధమాడితే నరకంలో కాలుస్తారు" అని. ఖురాన్‌లో 114 సూరాలున్నాయి. ఒక్క సూరా తౌబా తప్ప తక్కిన 113 కరుణామయుడు, కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతోనే మొదలవుతాయి. గ్రంథమే కరుణతో మొదలైతే మన పాఠం భయంతో మొదలుకావడం న్యాయమా? తీర్పు దినం గురించి చెప్పాలి, తప్పకుండా చెప్పాలి. అమ్మ పాలకంటే ముందు, నాన్న చేతి ముద్దకంటే ముందు, తనను ప్రేమించి పోషించేవాడు ఒకడున్నాడని తెలిసిన తరవాత చెప్పాలి.

"అల్లాహ్ కనిపించడుగా?" అని పిల్లలు అడుగుతారు. అడిగితే కసురుకోకండి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడ మన రేవులోకి వచ్చేటప్పుడు చూపించండి. అంత ఇరుకు దారిలో అంత పెద్ద ఓడ దానంతటది రాదు. నడిపేవాడు ఒడ్డున నిలబడ్డ మనకు కనిపించడు, అయినా ఉన్నాడని తెలుసు. అల్లాహ్‌కు పోలిక లేదని కూడా వెంటనే చెప్పండి. ఓడ మాట ఆలోచన కోసమే.

ఆ తరవాత దైవదూతలు, గ్రంథాలు, ప్రవక్తలు, తీర్పు దినం, విధి - ఈమాన్‌లోని తక్కిన సంగతులు ఒక్కొక్కటే కథలుగా చెప్పవచ్చు. రేవు ఊరి పిల్లలకు నూహ్ ప్రవక్త ఓడ కథ, యూనుస్ ప్రవక్తను చేప మింగిన కథ చెప్పి చూడండి, నిద్ర కూడా పోరు. ఇబ్రాహీం, మూసా, ఈసా ప్రవక్తలను గౌరవించడం మన విశ్వాసంలో భాగమని తెలిస్తే పక్కింటి క్రైస్తవ బాలుడు వాడికి మరింత దగ్గరవుతాడు. మన రేవు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదానిపై దర్గా, ఒకదానిపై చర్చి, ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి. ఈ ఊళ్ళో పెరిగే బిడ్డకు తన దీన్ తెలియాలి, ఎదుటివారి మనసూ తెలియాలి.

ఇక ఆచరణ. ఏడేళ్ళు వచ్చాక పిల్లలకు నమాజు చెప్పండని ముహమ్మద్ ప్రవక్త (స) వారి ఆదేశం. అంటే అంతకుముందు ఏళ్ళన్నీ చూసి నేర్చుకునేవన్నమాట. బి షిఫ్టు ముగించుకుని అలసి వచ్చిన తండ్రి ఇషా చదువుకుని పడుకోవడం బిడ్డ చూస్తే, ఆ ఒక్కటే పది పాఠాల పెట్టు.

నమాజు నేర్పేటప్పుడు మన ఊరే మనకు పాఠశాల. కిబ్లా ఎటు? ఇక్కడినుంచి పడమర, కాస్త ఉత్తరానికి వాలుగా. సముద్రం దాదాపు మన వెనక ఉంటుంది. ఇది చెబితే పిల్లవాడు భూగోళం తీసి మక్కా వెతుకుతాడు. ఫజ్ర్ రెండు, జుహర్ నాలుగు, అస్ర్ నాలుగు, మగ్రిబ్ మూడు, ఇషా నాలుగు - రోజుకి ఫర్జ్ రకాతులు 17 అని వేళ్ళమీద లెక్క కట్టించండి. వరుసలో కలాసీ భుజం, ఆఫీసరు భుజం ఎందుకు ఆనుతాయో చెప్పండి. అజాన్ పలకడానికి ప్రవక్త (స) ఎంచుకున్నది బానిసత్వం నుంచి విముక్తి పొందిన బిలాల్ (ర) గారిని అని చెప్పండి. సమానత్వం గురించి ఉపన్యాసం అక్కరలేదు.

వుజూ అంటే కుళాయి తిప్పి వదిలేయడం కాదు. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారు. అది లీటరు కూడా ఉండదు. ఎండాకాలంలో బిందెలతో వరుసలో నిలబడ్డ ఇళ్ళ పిల్లలకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

రోజా చిన్న పిల్లలకు విధి కాదు. ముచ్చటపడితే మధ్యాహ్నం దాకా ఉండనివ్వండి, నీరసిస్తే తినిపించండి, చుట్టాల ముందు గొప్పకోసం పస్తుంచకండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే గనుక. అందుకే ఎండలోనూ వస్తుంది, వానలోనూ వస్తుంది.

జకాత్ చెప్పడానికి వాడి ముంత చాలు. నిర్ణీత పరిమాణానికి మించి సంవత్సరం పాటు నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర రూపాయలు పేదవాడి హక్కు. దానమని మనం అనుకుంటాం, హక్కు అని దీన్ అంటుంది. ఈద్ నమాజుకు ముందు ఫిత్రా ఇచ్చేటప్పుడు బిడ్డ చేతితో ఇప్పించండి. హజ్ గురించి చెప్పేటప్పుడు ఇహ్రాం చూపండి. అన్ని దేశాల మగవారికీ, రాజుకూ కూలీకీ అవే రెండు కుట్టని తెల్లని గుడ్డలు.

ఇక తీరు గురించి చెప్పి ముగిస్తాను. అనస్ (ర) గారు చిన్నతనం నుంచి పదేళ్ళు ప్రవక్త (స) వారిని సేవించారు. "ఛీ" అన్న మాటైనా వినలేదని ఆయనే చెప్పారు. పసిబిడ్డ ఏడుపు వినబడితే ప్రవక్త (స) నమాజును కుదించేవారు, తల్లి మనసు కష్టపడుతుందని. సజ్దాలో మనవడు వీపెక్కితే వాడు దిగేదాకా తల ఎత్తలేదు. మరి మనమో? మస్జిద్‌లో పిల్లవాడు కిసుక్కున నవ్వితే వెనక్కి నెట్టేస్తాం. అలా నెట్టిన పిల్లవాడు ఇరవై ఏళ్ళకు రాలేదని బాధపడతాం.

కనుక నా విన్నపాలు మూడే. మొదటిది, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు, సెల్‌ఫోను పక్కన పెట్టి, అమ్మీ గాని అబ్బా గాని ఒక్క మాటకు అర్థం చెప్పండి. దాదీ, నానీ ఉన్న ఇల్లయితే కథల పని వారిదే. రెండవది, బిడ్డ ప్రశ్న అడిగితే తిట్టకండి. తెలియకపోతే "మౌల్వీ సాబ్‌ను అడిగి చెబుతా" అనండి, అడిగి చెప్పండి. మూడవది కార్యవర్గం వారికి. వార్షికోత్సవ పోటీలలో ఖిరాత్‌కు బహుమతి ఇస్తున్నట్టే, చదివిన దాని అర్థం తన మాటల్లో చెప్పిన పిల్లలకూ ఒక బహుమతి పెట్టండి. ఆడపిల్లలనూ అందులో సమానంగా నిలబెట్టండి.

మొదటి వహీ చదవమన్న ఆజ్ఞతోనే దిగింది. మన పిల్లలు చదవాలి, చదివింది తెలుసుకోవాలి, తెలిసిన దానితో మంచి మనుషులు కావాలి. అల్లాహ్ మనందరికీ ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.

 ఇక పిల్లలకు మిఠాయిలు పంచవచ్చు. వస్సలాం.