పెద్దల సభలో ఒక దినము

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి రచ్చకట్టపై కూర్చున్న రైతునకు ఢిల్లీలోని రాజ్యసభతో పని యేమి అని ఎవరైన అడుగవచ్చును. శాసనసభకు అతడు ఓటు వేయును, లోక్‌సభకును వేయును. రాజ్యసభకు మాత్రము వేయడు. అతడెన్నుకొన్న శాసనసభ్యులు అతని తరఫున వేయుదురు. అయినను, ఆ రైతు ఏ రాష్ట్రపు పౌరుడు కావలెనో, కృష్ణానదీజలములపై అతని ప్రాంతపు హక్కు ఏ శాసనమున వ్రాయబడవలెనో తేల్చిన కార్యము ఒకనాడు ఆ సభలోనే ముగిసినది. ఆ దినము 2014 ఫిబ్రవరి 20. ఆనాటి సభాకార్యమును గూర్చి శ్రోతలకు కొంత మనవి చేసెదను.

మొదట సభను గూర్చి ఒక మాట. రాజ్యసభ తొలిసారి 1952 మే 13న సమావేశమైనది. మనవారు దీనిని పెద్దల సభ యందురు. లోక్‌సభవలె ఇది రద్దు కాదు. సభ్యుని పదవీకాలము ఆరేండ్లు; రెండేండ్లకొకసారి మూడవ వంతు సభ్యులు విరమింతురు. ద్రవ్యబిల్లుల విషయమున దీని అధికారము స్వల్పము. వానిని 14 దినములలో తిరిగి పంపవలసినదే. సామాన్య బిల్లుల సంగతి వేరు. సాధారణముగా ఈ సభ అంగీకరింపనిదే అవి ముందునకు సాగవు. రాష్ట్రములను విభజించు బిల్లు అట్టిదే.

రాజ్యాంగము మూడవ అధికరణము ప్రకారము రాష్ట్రపతి ఆ బిల్లును ముందుగా రాష్ట్ర శాసనసభ అభిప్రాయమునకు పంపవలెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరి 30న దానిని తిరస్కరించినది. కాని ఆ అభిప్రాయమునకు పార్లమెంటు కట్టుబడవలెనన్న నియమము లేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ బిల్లును ఆమోదించినది. రెండు దినముల పిమ్మట అది పెద్దల సభకు చర్చకు వచ్చినది.

ఆనాడు సభ ప్రశాంతముగా లేదు. నినాదములు మిన్నుముట్టినవి, సభ పలుమారులు వాయిదాపడినది. డిప్యూటీ చైర్మన్ పి.జె. కురియన్‌గారు అధ్యక్షస్థానమున నుండగా, హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండేగారు బిల్లును సభ ముందుంచిరి. కేంద్రమంత్రిగా నున్న చిరంజీవిగారే బిల్లుపై తమ అసమ్మతిని వెల్లడించిరి. ప్రధానమంత్రి మన్మోహన్‌సింగుగారు లేచి ఆరు హామీలను చదివిరి. అందు మొదటిది, శేష ఆంధ్రప్రదేశ్‌కు ఐదేండ్లపాటు ప్రత్యేక హోదా. ప్రతిపక్షమున నున్న వెంకయ్యనాయుడుగారు ఐదేండ్లు చాలవు, పదేండ్లు కావలెననిరి. తరువాత ఒక్కొక్క నిబంధనను సభ ముందుంచిరి. సభ్యులు తెచ్చిన సవరణలు వీగిపోయినవి. రాత్రి మూజువాణి ఓటుతో బిల్లు ఆమోదము పొందినది. మూజువాణి యనగా అనుకూలురు ఔననియు, ప్రతికూలురు కాదనియు నోటితో చెప్పుట. ఎవరెటు పలికిరో పేరుపేరున లెక్కకెక్కదు.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. ప్రత్యేక హోదా ఇవ్వదలచినచో దానిని బిల్లులోనే ఏల వ్రాయలేదు? కారణము సభానియమములలోనే కలదు. రాజ్యసభ బిల్లులో సవరణ చేసినచో, ఆ సవరణతో బిల్లు మరల లోక్‌సభకు పోవలెను. మరునాడే, అనగా 21వ తేదీన, సమావేశములు ముగియవలసియుండెను. ఆ వెనుక సాధారణ ఎన్నికలు. లోక్‌సభ రద్దయినచో బిల్లు మురిగిపోవును. కావున వ్రాతలో చేరవలసినది మాటగా మిగిలినది.

మన పల్లెలలో కౌలుకు పొలమిచ్చువాడు సత్యవంతుడే యైనను, కౌలుదారు ఒక కాగితము వ్రాయించుకొనును. అది అవిశ్వాసము కాదు, జాగ్రత్త. ఇచ్చినవాడు రేపు మారవచ్చును, కాగితము మారదు. ప్రభుత్వముల విషయమునను ఇంతే. ఆనాటి ఆరు హామీలలో పోలవరమునకు సంబంధించినదానిని పరికింపుడు. పునరావాసమునకు అవసరమైన సవరణలు చేయుదుమని అందు చెప్పిరి. 2014 జూలైలో పార్లమెంటు శాసనమునే సవరించి ఏడు మండలములను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చినది. అది అమలైనది. ప్రత్యేక హోదా శాసనమున కెక్కలేదు. 2016 సెప్టెంబరులో దానికి బదులుగా ప్రత్యేక సహాయమును కేంద్రము ప్రకటించినది.

ఈ పాఠము మనకు క్రొత్తది కాదు. అదే ఫిబ్రవరి 20న, కాని 1956లో, అదే ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. మన పాలమూరు బిడ్డ, ఆనాటి హైదరాబాదు ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారు అందు ఒకరు. తెలంగాణ మిగులు ఆదాయము తెలంగాణయందే వ్యయము కావలెనని అందు కలదు. సంతకములున్నను దానికి శాసనబలము లేదు. అది నెరవేరలేదన్న వేదనయే 1969లో ఉద్యమమైనది. నాడు మాటను నమ్మి ఈ ప్రాంతమువారు నొచ్చుకొనిరి. 2014 తరువాత ఆ ప్రాంతమువారు నొచ్చుకొనిరి. ఒకరి నొప్పి మరియొకరికి తెలియుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఇక మన పెద్దమందడి రైతును మరల తలంతము. 2014 శాసనపు పదునొకండవ షెడ్యూలులో, పూర్తి చేయవలసిన ప్రాజెక్టుల జాబితాలో, కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతల పేర్లు కలవు. అవి వ్రాతలో నున్నవి. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి పథకము ఆ జాబితాలో లేదు. దానిపై రెండు రాష్ట్రములకు ఎంత వివాదము నడచినదో శ్రోతలెరుగుదురు. వలసపోయి పరాయి ఊళ్ళలో మట్టిపని చేసిన పాలమూరు కూలీల చరిత్ర తెలిసినవారికి, ఆ జాబితాలోని ఒక్కొక్క పేరు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

సభలో బల్లలు చరచిన ధ్వని ఆ రాత్రితోనే అణగిపోయినది. అచ్చుపడిన అక్షరము నేటికిని పనిచేయుచున్నది. కనుక మన ప్రతినిధి ఊరికి వచ్చి, సభలో మీకొరకు ఇట్లు చెప్పించితినని పలికినపుడు, మర్యాదగా వినుడు. విన్న తరువాత ఒక్క ప్రశ్న అడుగుడు: “అయ్యా, అది ఏ సెక్షనులో వ్రాసియున్నది?”