ఎర్తు గుంతకు నీళ్లు పోస్తున్నామా?

(పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే మాకు కరెంటుతో పనేమని మీరు అనుకోవచ్చు. నిరుడు వేసవిలో మేము కడప జిల్లాలో ఒక సంఘానికి వెళ్లాము. కార్యదర్శిగారి ఇంటి వసారాలోనే పాల సేకరణ. రెండు రోజులుగా ఎనుము తొట్టి దగ్గరికి పోవడం లేదని ఇంటావిడ చెప్పింది. రోగమనుకొన్నారు. తొట్టికి నీరు తోడే మోటారుకు టెస్టరు ఆనిస్తే దీపం వెలిగింది! మూడు కాళ్ల ప్లగ్గు ఉన్నది, ఎర్తు తీగ ఉన్నది. గుంత మాత్రం ఎండి బీటలు వారింది. ఆ తొట్టిలోనే పిల్లలు చేతులు కడుగుతారు.

మరి ఫ్యూజు ఎందుకు పోలేదు? ఎండిన గుంత అవరోధం 50 ఓములనుకొందాం. 230 వోల్టులను 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఫ్యూజు దానికి కదలదు. మోటారు ఒంటిమీద కరెంటు అలాగే నిలుస్తుంది. వానలు తక్కువైన మన కర్నూలు, కడప జిల్లాల్లో అసలు ప్రమాదం ఇదే.

కాబట్టి ఈ నాలుగు పనులు చేయండి.

ఒకటి: బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంతలో ఎండకాలం రెండు మూడు రోజులకొకసారి మూడు నాలుగు బిందెల నీళ్లు పోయండి.

రెండు: మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు దారి తప్పితే అది క్షణంలో సరఫరా ఆపుతుంది. దాని టెస్టు మీట నెలకొకసారి నొక్కి చూడండి.

మూడు: 6 ఆంపియర్ల సాకెట్టు సుమారు 1,380 వాట్లే మోస్తుంది. 1,500 వాట్ల నీళ్లు కాచే కడ్డీని 16 ఆంపియర్ల సాకెట్టుకే తగిలించండి. ప్లగ్గు వేడెక్కినా, నల్లబడినా సాకెట్టు మార్పించండి.

నాలుగు: దీపం వెలుగు తగ్గించే డిమ్మరు దీపానికే. దాని ద్వారా మోటారు, మిక్సీ నడపరాదు. డిమ్మరు పూర్తిగా తగ్గించినా తీగలో కరెంటు ఉండవచ్చు. బల్బు మార్చే ముందు మెయిను ఆపండి.

సాకెట్టులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేత కొలిపించండి. మీ సంఘం తరువాతి సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టండి. ఆ ఇంట మూగజీవం ముందుగా పసిగట్టింది. ప్రతి ఇంటా అలా జరుగుతుందని నమ్మి కూర్చోరాదని మా మనవి.