పలక చేతికొచ్చింది, ఇక చదువు రావాలి
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం మాకు ఒప్పగించిన అంశం "నేటి సాంకేతిక విజ్ఞానం - మన బాధ్యత". పేరు పెద్దదే. మేము ఇంజనీర్లము కాము. మీ అందరి మాదిరే ఫోను చేతిలో పట్టుకుని, సగం అర్థమై సగం అర్థం కాక తిరుగుతున్నవాళ్ళమే. అందుచేత మనందరికీ తెలిసిన వస్తువుతోనే మొదలు పెడతాము. అది పలక.

మార్కాపురం పలక అంటే దేశమంతటా పేరు. మన నేలలోని రాయిని తవ్వి, పొరలు విడదీసి, కోసి, నునుపు చేసి, కొయ్య చట్రం బిగించి పంపితే ఎక్కడెక్కడి పిల్లలో దాని మీద అక్షరాలు దిద్దుకున్నారు. అయితే ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆ పలకలు కోసిన షెడ్లలో మన పిల్లలే కూలికి పోయారు. రాతి దుమ్ము పీల్చి దగ్గుకున్నారు. ఊరి పలక లోకానికి చదువు చెప్పింది గానీ, పలక చేసిన బిడ్డకు చదువు చెప్పలేదు. తర్వాత నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, రాతి పలక వెనకబడింది. ఇళ్ళకు వేసే డిజైన్ రాయిగా మారి విదేశాలకు పోతోంది.

ఇప్పుడు మన చేతికి కొత్త పలక వచ్చింది. అదే ఫోను. ఈసారి కూడా పలక మనది, చదువు ఇంకొకరిది కాకూడదు. మేము చెప్పదలచుకున్నదంతా ఇంతే. మిగిలినదంతా దీనికి వివరణ.

ముందు మంచి సంగతులు. 2016లో యూపీఐ వచ్చినప్పుడు మనలో చాలామంది నవ్వారు. ఈ రోజు గిద్దలూరు బజారులో అరటిపండ్ల బండి దగ్గర, కంభంలో మెకానిక్ షెడ్డు దగ్గర, మాంసం కొట్టు దగ్గర కూడా గళ్ళ బొమ్మ వేలాడుతోంది. 2025 ఆగస్టు ఒక్క నెలలో దేశం మొత్తం మీద యూపీఐ ద్వారా 2000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. చిల్లర తగాదా తగ్గింది. బెంగళూరులో పనికి పోయిన కొడుకు పంపిన డబ్బు నిమిషంలో తల్లికి అందుతోంది.

రెండవది ప్రభుత్వ కాగితాలు. 1970 ఫిబ్రవరిలో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా కచేరీలో పని ఉంటే మన పెద్దలు కర్నూలు పోయేవారు, తర్వాత ఒంగోలు పోయారు. పోయిన రోజు పెద్ద గుమాస్తా సెలవులో ఉంటే అంతే సంగతులు. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలయ్యాయి. మొదటి రోజే 161 సేవలు పెట్టారు. నంబరు 95523 00009. అర్జీలు, ధ్రువపత్రాలు, కరెంటు బిల్లు వంటివి ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఈ నంబరు మనలో ఎంతమంది ఫోన్లలో ఉంది? సినిమా పాటలకు చోటున్న ఫోనులో దీనికి చోటు లేకపోవడం మన లోపమే.

మూడవది కృత్రిమ మేధ. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ బయటికి వచ్చింది. అప్పటినుంచి ఇటువంటివి ఎన్నో వచ్చాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెబుతున్నాయి. చదువు రాని తల్లి కూడా నోటితో అడగవచ్చు. పదో తరగతి బిడ్డ లెక్క అర్థం కాకపోతే పదిసార్లు అడిగినా విసుక్కోదు. కానీ ఒక హెచ్చరిక. అది తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే చెబుతుంది. మందుల విషయం డాక్టరును, కోర్టు విషయం వకీలును అడగాల్సిందే. బిడ్డ దాన్ని చూసి రాసుకుంటే చదువు కాదు, దానితో వాదించి నేర్చుకుంటే చదువు.

వ్యాపారం సంగతి. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరక్క చిక్కుపడ్డారు. పండగకు టికెట్టు దొరకని బాధ మనకు కొత్తా? మనము ఏజెంటును తిట్టి ఊరుకుంటాము. ఆయన మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టారు. 2013లో ఇంకొక కంపెనీ దాన్ని కొనుక్కున్నది. ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా హైదరాబాదులో స్కైరూట్ సంస్థ స్థాపించి, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగురవేశారు. దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్టు ఎగరడం అదే మొదలు. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. ఇవన్నీ ఎక్కడో జరుగుతున్నవి కావు, ఒక రాత్రి ప్రయాణం దూరంలో జరుగుతున్నవి. మన బిడ్డలు అక్కడికి కాపలా ఉద్యోగానికే పోవాలా, కంప్యూటరు ముందు కూర్చోవడానికి పోవాలా అన్నది ఇప్పుడు మనమే తేల్చుకోవాలి.

ఇక బాధ కలిగించే సంగతి. మనకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. బిడ్డ పెళ్ళికి రూపాయి రూపాయి కూడబెట్టిన మనిషి. ఒక రోజు ఫోనులో పోలీసు దుస్తులు వేసుకున్నవాడు కనిపించి, "మీ ఆధార్ మీద కేసు ఉంది, గది తలుపు వేసుకో, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు. పాపం, ఆయన రెండు రోజులు తలుపు తీయలేదు. ఉన్నదంతా పంపేశారు. అంతకంటే బాధ ఏమంటే, నామోషీతో రెండు నెలలు భార్యకు కూడా చెప్పలేదు. మాకు తెలిసేసరికి పెళ్ళి తేదీ దగ్గర పడింది.

అయ్యలారా, ఫోనులో అరెస్టు చేయడమనేది ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియో ప్రసంగంలో ఈ మాటే చెప్పారు. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే, దొంగ ఖాతాలో డబ్బు కదలకుండా ఆపే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన ప్రతి గంటా దొంగకే లాభం. మోసపోవడం నేరం కాదు, దాచుకోవడం మాత్రం నష్టం. ఆ పెద్దాయనను చూసి నవ్విన వాళ్ళూ మనలో ఉన్నారు. అలా నవ్వేవాళ్ళుంటే రేపు మోసపోయేవాడు కూడా నోరు విప్పడు.

పుకార్ల సంగతీ చెప్పాలి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ప్రచారమై, తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులను కొట్టారు. ప్రాణాలు కూడా పోయాయి. అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ కానిస్టేబుళ్ళను పంపి, డప్పులతో, పాటలతో జనానికి నచ్చజెప్పించారు. ఆ జిల్లాల్లో ప్రాణనష్టం లేకుండా గడిచింది. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. కంపెనీ ఐదుకు ఆపింది, మన వేలు ఒకటికైనా ఆగాలి గదా! రాతి పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోయేది. ఈ పలక మీద రాసింది మనం తుడిచినా ఇంకొకరి దగ్గర ఉంటుంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది. చట్టం ఒక కాపలా, ఇల్లు ఇంకొక కాపలా. రాత్రి పన్నెండింటికి కొడుకు గదిలో వెలుగుంటే తండ్రి ఒక మాట అడగాలి. తిట్టడానికి కాదు, కూర్చుని మాట్లాడడానికి.

చివరిగా సంఘానికి మా మనవి మూడు మాటలు. వారానికి ఒక పూట ఇద్దరు చదువుకున్న పిల్లలు బల్ల వేసుకుని కూర్చోవాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మన మిత్ర పనులు ఉచితంగా చేసిపెట్టాలి. ఆడవాళ్ళకు విడిగా ఫోను పాఠం పెట్టాలి. ఇంట్లో డబ్బు జాగ్రత్త చేసేది వాళ్ళే. మూడవది, ఎవరు భయపెట్టి డబ్బు అడిగినా పంపేముందు ఇద్దరు అయినవాళ్ళకు ఫోను చేస్తామని ఈ రోజే అందరం మాట ఇచ్చుకోవాలి.

వీటికి పెద్ద చందాలు అక్కరలేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కొంచెం ఓపిక చాలు. ఆ పెద్దాయన బిడ్డ పెళ్ళి మీలో కొందరి సాయంతో, ఆడంబరం లేకుండా జరిగింది. ఆ సాయం ముందుగా ఒక మాట రూపంలో అంది ఉంటే ఆ డబ్బే మిగిలేది. వచ్చే ఏటి సంచికలో ఆ బల్ల దగ్గర ఎంతమందికి పని జరిగిందో లెక్క రాయగలిగితే, మా ఈ ప్రసంగం వృథా కానట్టే.