యంత్రమునకు దృష్టిదానము



కన్నులుగలవారందఱును జూచుచునే యున్నారు గాని, చూచుట యనగా నేమో విచారించువారు కొలదిమంది. మన నైయాయికులు ప్రత్యక్షమును రెండుగా విభజించిరి. ఏదియో యొకటి యని తోచుట నిర్వికల్పకము. ఇది ఘటమని నిశ్చయించుట సవికల్పకము. మొదటిదానినుండి రెండవదానిని జేరుట మనకు రెప్పపాటుపని. యంత్రమునకు దానిని నేర్పుటకు పురుషాయుషము చాలదు.

జపానుదేశమున 1945లో జన్మించిన తకెయో కనదే యను విద్వాంసు డాపనికే తన జీవితమును ధారవోసెను. క్యోటో విశ్వవిద్యాలయమున నతడు మానవముఖముల ఛాయాచిత్రములను కంప్యూటరున కిచ్చి, కన్నులు, ముక్కు, నోరు ఎచ్చట నున్నవో దానిచేతనే కనిపెట్టించి, 1974లో డాక్టరు పట్టమును బడసెను. యంత్రమునకు చిత్రమనగా వెలుగునీడల కొలతలపట్టిక మాత్రమే. ఆ యంకెలలో ముఖమును గుర్తించుట సామాన్యమా!

1980లో నతడు అమెరికాయందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమును జేరెను. అచ్చటి రోబోటిక్సు పరిశోధనాలయము 1979లో స్థాపితమైనది. దాని ప్రథమాధ్యక్షులు మన చిత్తూరుజిల్లా కాటూరున బుట్టి, 1994లో ట్యూరింగు పురస్కారము నందిన రాజ్‌రెడ్డిగారు. వారి తరువాత 1992 మొదలు 2001 వఱకు ఆ పీఠము నధిష్ఠించినవాడు కనదే. వీరిరువురకు దేశము వేఱు, భాష వేఱు, విద్యావంశ మొక్కటియే.

1981లో కనదేయు, నతనియొద్ద బనిచేసిన బ్రూస్ లూకాసును ఒక మార్గమును జూపిరి. వెంటవెంట దీసిన రెండు చిత్రములలో ఒక చిన్నభాగపు వెలుగు మాఱదనియు, ఇరుగుపొరుగు బిందువులు గలసియే కొంచెముగా కదలుననియు నెంచి, ఆ కదలిక యెంతయో గణించుటయే యా మార్గము. చలించువస్తువును యంత్రము వెన్నంటి చూచుట కది నేటికిని ఆధారము.

1995లో నా పరిశోధనాలయపు నావ్‌ల్యాబను బండి పిట్స్‌బర్గునుండి శాన్‌డియాగోవఱకు సుమారు 2,850 మైళ్లు పయనించెను. వేగమును, బ్రేకును మనుష్యులు చూచుకొనిరి. దారిని జూచి స్టీరింగు త్రిప్పుట నూటికి 98 పాళ్లు యంత్రమే నిర్వహించెను. కనదేకు క్యోటో పురస్కారము 2016లో లభించెను. డాక్టరు పట్టమునకును దీనికిని నడుమ నలువదిరెండేండ్లు గడచినవి!

పోషకమహాశయులారా! చిరకాలము పాఠములు చెప్పినవాడనగుటచే నొక్కమాట విన్నవించెదను. మనము విద్యార్థివేతనము నొక యేటి కిచ్చి, మఱుసటియేట నుద్యోగము దొరకెనా యని యడుగుచున్నాము. అడుగుట తప్పుగాదు, ఇంటి యక్కఱ లట్టివి. కాని పరిశోధన వరిచేను గాదు, మామిడితోపు. నాటినవాడు పండు తినకపోవచ్చును. ఏటేట పదిమందికి బంచు ధనములో నొకపాలు వేఱుంచి, యోగ్యుడైన యొక్క బాలునకో బాలికకో పరిశోధన ముగియువఱకు నియ్యవలెనని నా ప్రార్థన. యంత్రమునకు చూపు నిచ్చినది ఓపిక. ఆ యోపికను బోషించువారు గూడ నుండవలెను గదా!